వెలుగు కావాలె, ఎండ వద్దు: నల్లగొండ, పాలమూరు వైపు ఇల్లు కట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు లైటు వేయకుండా గడిచే ఇల్లు, ఉన్న స్థలానికి సరిపోయే ఇల్లు, దగ్గర్లో దొరికే రాయి, ఇటుక, మట్టి, సున్నంతో కట్టే ఇల్లు కావాలనుకునేవాళ్ల దగ్గర్నుంచి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలివి. పని నడిచే వరుసలో పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఎండ కోణాలన్నీ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి లెక్కగట్టినవి. నల్లగొండకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య తేడా అర డిగ్రీ కూడా లేదు కాబట్టి దక్షిణ తెలంగాణ అంతటికీ ఇవే పనికొస్తాయి.

## స్థలం చూసేటప్పుడు

ప్లాటు కొనేముందు ఎండ, నీడ సంగతి ఎట్లా తెలుసుకోవాలి?

మీటరు పొడవు కర్ర నిటారుగా పాతి నీడ కొలవండి. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం, అంటే మన దగ్గర 12:10 ప్రాంతంలో, ఆ నీడ ఉత్తరం వైపు సుమారు 85 సెంటీమీటర్లు ఉంటుంది. జూన్ 21న అదే కర్ర నీడ దక్షిణం వైపు 11 సెంటీమీటర్లే. దీన్నిబట్టి పక్కింటి నీడ లెక్కేయొచ్చు. మీకు దక్షిణాన 22 అడుగుల ఎత్తు ఇల్లుంటే చలికాలం మధ్యాహ్నం దాని నీడ దాదాపు 19 అడుగులు మీ వైపు పడుతుంది. అక్కడ వంటగదో హాలో పెట్టి దక్షిణపు కిటికీ మీద ఆశ పెట్టుకుంటే లాభం లేదు. పడమర పక్కన ఎత్తైన ఇల్లుంటే మాత్రం బాధపడొద్దు, సాయంత్రపు ఎండను అదే ఆపుతుంది. ఏ నెలలో చూసినా సరే, ఉదయం 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 4:30 గంటలకు మూడుసార్లు వెళ్లి నిలబడి చూడండి. బ్రోకర్లు ఎక్కువగా పొద్దున చల్లటి పూటే తీసుకెళ్తారు.

ఉత్తరం కిటికీకి ఎండే రాదు, దక్షిణం కిటికీ మంచిది కాదు అంటారు. నిజమేనా?

మన అక్షాంశంలో రెండూ సగం సగం నిజాలే. మే 8 ప్రాంతం నుంచి ఆగస్టు 5 ప్రాంతం దాకా సూర్యుడు మనకు రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు. ఆ మూడు నెలలు దక్షిణం గోడకు నేరుగా ఎండ పడదు, ఉత్తరం గోడకే పడుతుంది. మధ్యాహ్నం వాలు ఆరేడు డిగ్రీలే కాబట్టి ఉత్తరం కిటికీకి అడుగు సజ్జ చాలు. పొద్దునా సాయంత్రం ఏటవాలుగా వచ్చే ఎండను సజ్జ ఆపలేదు. దానికి కిటికీకి రెండు పక్కలా 9 అంగుళాల నుంచి అడుగు దాకా ముందుకొచ్చే నిలువు బండలు నిలబెట్టాలి.

దక్షిణం కిటికీని అదుపులో పెట్టడం అన్నిటికన్నా తేలిక. 2 అడుగుల సజ్జ వేస్తే మార్చి 21న మధ్యాహ్నం నీడ ఆరున్నర అడుగుల కిందికి దిగుతుంది, అంటే కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది. డిసెంబరులో నీడ 2 అడుగుల 4 అంగుళాలే, కింది సగం నుంచి వెచ్చని ఎండ లోపలికొస్తుంది. ఎండాకాలం నీడ, చలికాలం ఎండ, రెండూ ఇచ్చే కిటికీ ఇదొక్కటే. దాన్ని మూసేయించే సలహా వింటే ఇంటికి ఉన్న మంచి వెలుతురు పోగొట్టుకున్నట్టే.

మాది పడమర ముఖం ప్లాటు. సాయంత్రం ఎండను తట్టుకునేదెట్లా?

మే మొదట్లో సాయంత్రం 4:10కి సూర్యుడు 32 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 2 అడుగుల సజ్జ అప్పుడు ఇచ్చే నీడ అడుగుంపావు. 8 అడుగుల వరండా వేసినా 5 అడుగుల నీడే, సాయంత్రం 5 గంటలు దాటితే అదీ ఉండదు. కాబట్టి పడమరకు అడ్డంగా చాచే నీడ కాదు, నిలువుగా నిలబడే నీడ కావాలి: ఇటుక జాలీ, వెదురు తెర, తీగ, చెట్టు. వేప, కానుగ రెండూ ఇక్కడి నేలలో తేలిగ్గా బతుకుతాయి. చలి పోయేటప్పుడు ఆకు రాల్చినా ఏప్రిల్‌కల్లా చిగురించి నీడనిస్తాయి. గోడకు 12 నుంచి 15 అడుగుల దూరంలో నాటండి. మెట్లు, బాత్రూం, స్టోరు, బట్టలుతికే చోటు పడమర గోడకు చేర్చితే అవే గొడుగులా పనిచేస్తాయి. రోడ్డు వైపు అందం కోసం పడమరన ఆసాంతం అద్దం పెట్టడం ఈ ప్రాంతంలో జరిగే అతి పెద్ద తప్పు. లోపల కర్టెను ఎంత మందంగా వేసినా వేడి అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది.

ప్లాటులో పెద్ద బండ ఉంది. పేల్చి తీసేయాలా?

ముందు అది పరుపు బండా, దొర్లే గుండా చూడండి. చుట్టూ రెండు మూడడుగులు తవ్వితే తెలుస్తుంది. కిందికి విస్తరిస్తూ పోతే పరుపు బండ, అంతకంటే గట్టి పునాది డబ్బు పెట్టినా దొరకదు. పైన పాచి, మెత్తబడిన పొర గీకి కడిగి, వాలు ఉంటే మెట్లు మెట్లుగా చెక్కి, 16 మి.మీ. సలాకలను అడుగు లోతు రంధ్రాల్లో గ్రౌటు (పలచటి సిమెంటు మాలు) పోసి నిలబెట్టి, వాటి మీద కాంక్రీటు వేస్తారు. సలాకల మధ్య దూరం ఇంజనీరు చెప్పాలి.

చెడేది ఎక్కడంటే, ఇల్లు సగం బండ మీద, సగం మట్టి మీద కూర్చున్నప్పుడు. మట్టి వైపు కొద్దిగా దిగుతుంది, బండ కదలదు, సరిగ్గా ఆ గీత మీదే గోడ పగులుతుంది. అట్లాంటి చోట మట్టి వైపు పునాదిని గట్టి నేల దాకా దింపాలి, లేదా రెండు భాగాల మధ్య పైదాకా అంగుళం సందు వదిలి విడివిడిగా కట్టాలి. బండ పైనుంచి జారే వాన నీటికి ముందే కాలువ చెక్కించండి, లేకుంటే అది నేరుగా గోడ మొదట్లోకి వస్తుంది. ఎండలో కాలిన బండ రాత్రంతా వేడి వదులుతుంది. అది ఇంటికి ఈశాన్యంలో ఉంటే మేలు, పడమరన ఉంటే దాని మీద నీడ పడేటట్టు చెట్టు పెట్టండి. రాచకొండ కోటలో సున్నం లేకుండా పేర్చిన పెద్ద రాళ్ల గోడలను ఒకసారి చూసి రండి. కొండను తొలగించకుండా దాని మీదే కట్టడమంటే ఏమిటో అక్కడ కనబడుతుంది.

నల్లరేగడిలో ఇట్లాంటి ఇల్లు నిలబడుతుందా?

నిలబడుతుంది, కానీ మట్టి గోడలూ, పలచటి రాతి పునాదీ వద్దు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కింద మొరం నాలుగైదు అడుగుల్లో తగిలితే అక్కడిదాకా తవ్వండి. తగలకపోతే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు), వాటిని కలిపే ప్లింత్ బీము (గోడ కింద వేసే కాంక్రీటు దూలం) వేయించాలి. బీము కింద రేగడి ఉబ్బడానికి మూడు అంగుళాల ఖాళీ ఉంచాలి. ఇంటి చుట్టూ 3 అడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలు పరిస్తే గోడ మొదట్లో తేమ హెచ్చుతగ్గులు తగ్గుతాయి.

## ప్లాన్ గీసేటప్పుడు

గదికి ఎంత కిటికీ పెట్టాలి?

జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం పొడి వేడి ప్రాంతంలో తలుపులు కాక కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలి. 12×14 గదికి 17 చదరపు అడుగులు, అంటే 4×4½ కిటికీ ఒకటి. అది కనీసమే. అదే వైశాల్యాన్ని రెండు వేర్వేరు గోడల్లోకి పంచితే వెలుతురూ గాలీ రెండూ బాగుపడతాయి, కళ్లకు గుచ్చే కాంతి కూడా తగ్గుతుంది. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుందని, దోమల జాలీ గాలినీ వెలుగునూ కొంత తింటుందని గుర్తుంచుకోండి.

కిటికీ వెడల్పు కన్నా ఎత్తే ముఖ్యం. వెలుతురు గదిలోకి కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం వెళ్తుంది. లింటెల్ (కిటికీ పై దూలం) 7 అడుగుల దగ్గరుంటే 14 నుంచి 17 అడుగుల దాకా. అందుకే పాత ఇళ్లలో కప్పు కింద రోషన్‌దాన్ (చిన్న పై కిటికీ) పెట్టేవాళ్లు. పైన చేరిన వేడి గాలి పోవడానికి అదే దారి.

200 గజాల ప్లాటులో మధ్యలో భవంతి (పైన ఆకాశానికి తెరిచి ఉండే నడిమి ఖాళీ) పెట్టడం కుదురుతుందా? చోటు వృథా కాదా?

30×60 ప్లాటులో 8×10 ఖాళీ వదిలితే పోయేది 80 చదరపు అడుగులు. అది లేకుండా అదే ఇంట్లో మధ్య గదులకు వెలుతురు ఇవ్వాలంటే పొడవాటి నడవా పెట్టాలి, దానికీ ఇంచుమించు అంతే చోటు పోతుంది. ఒక్క అంతస్తుకు 8×10 హాయిగా సరిపోతుంది. రెండంతస్తులకు గోడలు 20 అడుగులు దాటుతాయి కాబట్టి వెడల్పు 10 అడుగులకు తగ్గకూడదు, లేదంటే కింది అంతస్తుకు బావిలో కూర్చున్నట్టుంటుంది. గోడలకు లోపల తెల్ల సున్నమే వేయండి. ముదురు రంగు టైల్సు అతికిస్తే వెలుతురు అక్కడే ఆగిపోతుంది.

నీళ్ల లెక్క తప్పకుండా చేయాలి. చుట్టూ కప్పు వాలుతో కలిపి 500 చదరపు అడుగుల నీళ్లు అందులోకి దిగితే, గంటకు 50 మి.మీ. వాన పడినప్పుడు దాదాపు 2,300 లీటర్లు వస్తాయి. 4 అంగుళాల పైపులు రెండు పెట్టండి. ఒకటి ఆకులతో మూసుకుపోయినా రెండోది పనిచేయాలి. భవంతి నేల గదుల గచ్చు కంటే 6 అంగుళాలు కిందికి ఉండాలి. దిగాక వానకు భయపడి పైన పాలికార్బొనేట్ షీటు మూసేసేవాళ్లు చాలామంది. అప్పుడు వేడి గాలి పోయే దారి మూసుకుని భవంతి కాస్తా పొయ్యి అవుతుంది. మూయక తప్పకపోతే షీటును పిట్టగోడ మీద నుంచి అడుగున్నర ఎత్తులో లేపి, చుట్టూ జాలీ పెట్టండి.

పైన తెరిచి ఉంచితే కోతులు రావా?

వస్తాయి, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 10 మి.మీ. చదరపు ఇనుప కడ్డీలను 3 అంగుళాల సందుతో గ్రిల్లుగా వేయించండి. 4 అంగుళాలైతే పిల్ల కోతి దూరుతుంది. కడ్డీలకు ముందు జింక్ ప్రైమరు, తర్వాత రంగు వేయాలి, పైకెక్కి మళ్లీ వేయడం కష్టం. శుభ్రం చేయడానికి తాళంతో తెరుచుకునే ఒక పలక ఉంచండి. కప్పుకు మంగళూరు పెంకులు వేస్తుంటే ప్రతి పెంకునూ రాగి తీగతో రీపరుకు కట్టాలి. కోతులు పెంకులు లేపేస్తున్నాయనే ఎన్నో ఇళ్లకు రేకులు వచ్చాయి.

స్కైలైట్ పెడితే ఇల్లు కొలిమి అవుతుందంటున్నారు?

అడ్డంగా పరిచిన అద్దమైతే అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, పరుపు అద్దం ఆ ఎండంతా లోపలికి పంపుతుంది. దాని బదులు కప్పు మీద రెండడుగుల ఎత్తు చిన్న గూడు లేపి, పైన స్లాబ్ మూసి, ఉత్తర దక్షిణాల్లో నిలువు అద్దాలు పెట్టండి. ఆ మూతను అన్ని వైపులా అడుగు బయటికి చాచండి. వెలుతురు గూడు లోపలి తెల్ల గోడను తాకి, చెదిరి, మెత్తగా కిందికి దిగుతుంది. మెట్ల మీద ఒక్కటి పెట్టినా ఇల్లంతా మారిపోతుంది.

నేరుగా పడే ఎండకూ, దేన్నో తాకి వచ్చే వెలుతురుకూ ఉన్న తేడా చూడాలంటే నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. గర్భగుడి గోడ మీద పగలంతా జరగకుండా ఒక నీడ నిలుస్తుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదంటే, అది నేరుగా పడే ఎండ వల్ల వచ్చింది కాదు, మండపం స్తంభాల నడుమ చెదిరి వచ్చే వెలుతురు వల్ల వచ్చింది. ఇంట్లో మనం కోరుకోవాల్సింది కూడా ఆ రకం వెలుతురే.

పరుపు అద్దమే పెట్టాల్సి వస్తే నేల వైశాల్యంలో 3 శాతం మించొద్దు. 12×12 గదికి 2×2 అద్దం చాలు. టఫెన్డ్ ఒక్కటే కాదు, లామినేటెడ్ అద్దం అడగండి, పగిలినా ముక్కలు కింద పడవు. చుట్టూ స్లాబ్ మీద 6 అంగుళాల కట్ట పోయాలి, అద్దం కట్ట దాటి 2 అంగుళాలు బయటికి రావాలి. స్కైలైట్ కారుతుందంటే పదిలో తొమ్మిది సార్లు ఆ కట్ట లేకపోవడమో, సిలికాన్ మీదే భరోసా పెట్టడమో కారణం.

వాస్తు ప్రకారం నైరుతిలో పడకగది పెట్టాం. రాత్రి పది దాటినా గోడలు కాలుతున్నాయి. ఏం చేయాలి?

మధ్యాహ్నం నుంచి ఎండ తిన్న పడమర గోడ పీల్చిన వేడిని సరిగ్గా మీరు పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. గది మార్చక్కర్లేదు. ఇంకా ప్లాన్ దశలోనే ఉంటే బాత్రూం, అల్మారాలు పడమర గోడకు చేర్చి, మంచం తూర్పు వైపుకు తెండి. ఆ గోడ ఒక్కదాన్ని నడుమ రెండంగుళాల ఖాళీతో రెండు పొరలుగా కట్టించినా చాలు. ఇల్లు కట్టేసి ఉంటే బయటి వైపు నీడే మందు. గోడకు అడుగు దూరంలో ఇనుప చట్రం నిలబెట్టి తీగ పాకించండి. లోపల థర్మాకోలు అతికించడం కన్నా బయట నీడ పడేటట్టు చేయడం ఎంతో మేలు, వేడి గోడలోకి దిగకముందే ఆగుతుంది.

## మెటీరియల్ ఎంచుకునేటప్పుడు

మన దగ్గర గ్రానైట్ రాయి బాగా దొరుకుతుంది. రాతి గోడలు చల్లగా ఉంటాయా?

నీడలో ఉంటేనే. గ్రానైట్ ఇటుక కన్నా తేలిగ్గా వేడిని లోపలికి తీసుకెళ్తుంది. మందం ఎక్కువ కాబట్టి ఆలస్యంగా తీసుకెళ్తుంది, అంతే. ఉత్తరం, తూర్పు గోడలకూ, వరండా లోపలి గోడకూ, ప్రహరీకీ, బేస్‌మెంటుకూ రాయి బాగుంటుంది. ఎండ తగిలే పడమర పడకగదికి వద్దు.

మందం 15 నుంచి 18 అంగుళాలు ఉండాలి. 30 అడుగుల వెడల్పు ప్లాటులో రెండు పక్కలా 18 అంగుళాల గోడలు కడితే, 9 అంగుళాల ఇటుకతో పోలిస్తే అడుగున్నర చోటు పోతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోండి. గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాళ్లు ప్రతి 4 అడుగులకు ఒకటి, ప్రతి 2 అడుగుల ఎత్తుకు ఒక వరుస తప్పనిసరి. వీటిని ఎగ్గొట్టి, రెండు ముఖాలూ అందంగా కట్టి, నడుమ పొట్టలో చిప్పలు, మాలు నింపేస్తుంటారు. పైకి కనబడదు. కొన్నేళ్లకు గోడ పొట్ట ఉబ్బి రెండు పొరలుగా విడిపోతుంది. రోజుకు 3 అడుగుల ఎత్తు మించి లేపనివ్వొద్దు.

ర్యాట్ ట్రాప్ బాండ్‌తో నిజంగా ఇటుక మిగులుతుందా?

మిగులుతుంది. 9×4½×3 ఇటుకతో మామూలు 9 అంగుళాల గోడ 100 చదరపు అడుగులకు సుమారు 1,070 ఇటుకలు పడతాయి. ఇటుకను అంచు మీద నిలబెట్టి కట్టే ఈ పద్ధతిలో 800 చాలు. మాలు కూడా తగ్గుతుంది, నడుమ మిగిలే గూళ్లలో గాలి ఉండి వేడి నెమ్మదిస్తుంది. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ దీన్ని వందల ఇళ్లలో వాడి జనానికి దగ్గర చేశారు.

ఇక్కడ వచ్చే చిక్కు ఇటుక సైజుతో. బట్టీ ఇటుకలు ఒకటి 8¾, ఇంకొకటి 9¼ ఉంటే వరుస కుదరదు, సందులు మాలుతో నిండి మిగులంతా పోతుంది. లోడు దించుకునేముందు 20 ఇటుకలు వరుసగా పేర్చి పొడవు కొలవండి: 180 అంగుళాలకు రెండు మూడు అంగుళాల కన్నా తేడా రాకూడదు. మొదటి వరుస, కిటికీ కింద పైన వరుసలు, దర్వాజల పక్కలు, మూలలు గూళ్లు లేకుండా నిండుగా కట్టాలి. మాలు గూళ్లలోకి జారకుండా వరుస మీద పట్టీ చెక్క పెట్టి పరచాలి.

మా పొలంలోని ఎర్రమట్టితో మట్టి ఇటుకలు చేసుకోవచ్చా?

చాలాచోట్ల చేసుకోవచ్చు, ముందు పరీక్ష చేయండి. పైన అడుగు మట్టి, వేర్లు తీసేసి కింది మట్టి తీసుకోండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక రోజు కదలకుండా ఉంచండి. అడుగున గులక, ఇసుక, దాని మీద ఒండు, పైన బంక మట్టి పొరలు కడతాయి. గులకా ఇసుకా కలిపి 65, ఒండు 15, బంక 20 శాతం దగ్గరుంటే సరిగ్గా సరిపోయింది. బంక ఎక్కువైతే క్రషర్ డస్ట్ కలపండి. నల్లరేగడి పనికిరాదు.

సిమెంటు 5 నుంచి 8 శాతం. 5 శాతానికి 50 కిలోల బస్తాతో టన్ను మట్టి, అంటే 240×240×90 మి.మీ. ఇటుకలు దాదాపు వంద వస్తాయి. తడి సరిపోయిందో లేదో చూడాలంటే ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. నాలుగైదు ముక్కలైతే సరి, పొడైతే నీళ్లు చాలలేదు, ముద్దగానే ఉంటే ఎక్కువైంది. కలిపిన మట్టిని గంటలోపు వాడేయాలి. మొదటి రెండు రోజులు పట్టా కప్పి, తర్వాత 28 రోజుల దాకా తడి ఆరనివ్వొద్దు. ఇటుకలు చెడేదంతా ఇక్కడే: ఏప్రిల్ ఎండలో రెండు పూటలు నీళ్లు ఆపితే అంచులు రాలిపోతాయి.

కప్పు నుంచే వేడంతా దిగుతోంది. ఏం వేస్తే మంచిది?

మన ఎండకు అన్నిటికన్నా ఎక్కువ కాలేది కప్పే, కాబట్టి గోడల మీద పెట్టే ఖర్చులో కొంత ఇక్కడికి మళ్లించండి. తెల్ల పింగాణీ ముక్కలు అతికించే చైనా మొజాయిక్ ఈ ప్రాంతానికి బాగా పనిచేస్తుంది. అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్టు బి.వి. దోషి తన ఆఫీసు ‘సంగత్’ కమాను కప్పుల మీద వాడింది ఇదే. కింద ఇటుక ముక్కల కోబా (మాలుతో పరిచే పొర) వేసి, 80 అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వండి: 20 అడుగుల పొడవుకు 3 అంగుళాలు. డబ్బు కుదరకపోతే తెల్ల సున్నం రెండు పూతలైనా వేయండి, ఏటా మార్చికి ముందు మళ్లీ వేయాలి.

ఫిల్లర్ స్లాబ్ అయితే స్లాబ్ కింది భాగంలో, పెద్దగా పని లేని కాంక్రీటు బదులు రెండేసి పెంకులో, మట్టి మూకుళ్లో పెడతారు. కాంక్రీటు తగ్గుతుంది, కింద నుంచి చూస్తే అందంగా ఉంటుంది. పెంకులను ముందురోజు నీళ్లలో నానబెట్టకపోతే కాంక్రీటులోని నీళ్లు పీల్చేస్తాయి. గోడల అంచున అడుగు మేర, బాల్కనీలో, బాత్రూం మీద పెట్టొద్దు. సలాకల దూరం ఇంజనీరు డ్రాయింగు ప్రకారమే వేయాలి, సెంట్రింగ్ మేస్త్రీ అంచనాకు వదలొద్దు.

సున్నం ప్లాస్టరు ఇప్పుడు ఎవరు చేస్తారు? సిమెంటే నయం కదా?

రాయి, మట్టి గోడలకు సున్నమే సరిపోతుంది, ఎందుకంటే గోడలోకి చేరిన తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు పూత ఆ తేమను లోపలే ఆపి, కొన్నాళ్లకు పెచ్చుగా ఊడుతుంది. కాల్చిన గుల్ల సున్నాన్ని గుంటలో నీళ్లు పోసి కనీసం రెండు వారాలు నానబెట్టి, జల్లెడ పట్టి, ఒకటికి మూడు పాళ్లు ఇసుక కలపాలి. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం పాత పద్ధతి. మొదటి పూత అర అంగుళం, రెండోది పావు అంగుళం. 10 రోజులు తడుపుతూ, గోనె పట్టాతో ఎండ తగలకుండా చూడాలి. దానిమీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇదంతా చేసి లాభం లేదు, సున్నమే వేయండి. పూర్తి సున్నం పని తెలిసిన సుతారి దొరక్కపోతే ఇటుక గోడకు ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ల ఇసుక కలిపే మాలు మధ్యేమార్గం. అది ఎవరికైనా చేతికి తిరుగుతుంది.

## పని నడిచేటప్పుడు

మా మేస్త్రీ ఇవన్నీ రావంటున్నాడు. ఎట్లా ఒప్పించాలి?

మాటలతో కాదు. ఇంటి గోడ మొదలుపెట్టకముందు ప్రహరీలో ఒక 6×4 ముక్క కట్టించండి, ఆ రెండు రోజుల కూలి విడిగా ఇవ్వండి. తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. చదరపు అడుగు లెక్క గుత్తకు ఇస్తే ఎవరైనా తొందరపడతారు. జాలీ, రాతి పని, ర్యాట్ ట్రాప్ వరకు రోజు కూలికి పెట్టుకోవడమే ఇద్దరికీ న్యాయం.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. వాడొచ్చా?

ముందు ల్యాబులో పరీక్ష చేయించండి. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సలాకలుండే కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 మిల్లీగ్రాములు మించకూడదు, పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. దాటితే లోపల సలాక తుప్పు పట్టి స్లాబ్ పెచ్చులూడుతుంది. బయటికి కనబడే ఇటుక గోడకైతే ఉప్పు తెల్లగా పొంగి అందమంతా పోతుంది. ట్యాంకరు తెప్పించినా దాని నీళ్లనూ పరీక్షకు పంపండి, అవీ ఏదో బోరువే అయ్యుంటాయి.

ప్లాస్టరు లేకుండా ఇటుక కనబడేట్టు వదిలేస్తే వానకు గోడ నానదా?

ఇటుక మంచిదై, సందులు సరిగ్గా మూస్తే నానదు. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటితే అది బయటి గోడకు పనికిరాదు. కట్టిన రోజే, మాలు పచ్చిగా ఉండగానే సందులను అర అంగుళం పైగా గీకి వదలాలి, తర్వాత 1:3 మాలుతో పాయింటింగ్ చేయాలి. మన దగ్గర నైరుతి రుతుపవనాల వాన జల్లు పడమర నుంచి కొడుతుంది, ఆ గోడ మీద స్లాబ్ అంచును రెండడుగులు చాచండి. స్లాబ్ అంచు కింద అర అంగుళం గాడి పెట్టించడం మరిచిపోవద్దు, లేకుంటే నీళ్లు అంచు పట్టుకుని గోడ మీదికే జారతాయి.

కరెంటు పైపులు తర్వాత కొట్టుకోవచ్చు కదా?

కుదరదు. కనబడే రాయి, ఇటుక గోడలను తర్వాత కట్ చేస్తే మచ్చ ఎప్పటికీ పోదు. గోడ లేవకముందే స్విచ్‌బోర్డులు, ఏసీ, గీజరు చోట్లు గోడ గోడకూ గీసి ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి.

## దిగిన తర్వాత

తాండూరు బండల గచ్చు మీద తెల్ల మచ్చలు పడ్డాయి. ఎందుకు?

తాండూరు, షాబాద్ బండలు రెండూ సున్నపురాయి జాతివే. బాత్రూం కడిగే యాసిడ్ తగిలితే నురగ కక్కి పాలిష్ తినేస్తుంది. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా నిలవ ఉంటే మచ్చ చేస్తాయి, అందుకే వంటగట్టుకు గ్రానైటే మేలు. పని పూర్తయ్యాక సిమెంటు మరకలు పోవాలని కూలీలు యాసిడ్ పోస్తుంటారు, అక్కడే ఆపండి. పడిన మచ్చలు మళ్లీ పాలిష్ పట్టిస్తేనే పోతాయి. రోజూ మామూలు నీళ్లతో తుడిస్తే చాలు, ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే నునుపెక్కుతుంది.

అన్నీ సరిగ్గా కట్టినా మే నెలలో ఇల్లు వేడెక్కుతోంది. ఎక్కడ తప్పు?

చాలాసార్లు తప్పు కిటికీలు తెరిచే వేళలో ఉంటుంది. గాలి రావాలని మధ్యాహ్నం అన్నీ తెరిస్తే బయటి 43 డిగ్రీల గాలి లోపలికొచ్చి మందపు గోడలను వేడెక్కిస్తుంది. మే నెలలో ఉదయం 9 దాటగానే కిటికీలు, రోషన్‌దాన్‌లు మూసి, ఎండ వైపు తెరలు దించండి. వెలుతురు కోసం భవంతి వైపు, నీడ ఉన్న వైపు అద్దాలు చాలు. రాత్రి 8 తర్వాత, బయట గాలి చల్లబడ్డాక, కింది కిటికీలూ పై రోషన్‌దాన్‌లూ రెండూ తెల్లవారేదాకా తెరిచి ఉంచండి. కింద నుంచి చల్లగాలి వచ్చి పై నుంచి వేడి పోతుంది, గోడలు మర్నాటికి చల్లబడతాయి. దొంగల భయం లేకుండా రాత్రి తెరిచి ఉంచగలిగేటట్టు గ్రిల్లూ దోమల జాలీ అన్ని కిటికీలకూ ఉండాలి. ఒకటి రెండు కిటికీలకే ఉంటే గాలి అడ్డంగా తిరగదు.